పీసీ దానంతట అదే రీస్టార్ట్ అవుతోందా? పార్టులు మార్చే ముందు ఈ వరుసలో చెక్ చేయండి

కంప్యూటర్ అసలు ఆన్ కాకపోతే ఒక రకంగా నయం. ఎక్కడో ఏదో పోయిందని తెలిసిపోతుంది. అసలు చిరాకు పెట్టేది రెండు గంటలు బాగానే పనిచేసి, మూడో గంటలో చెప్పాపెట్టకుండా రీస్టార్ట్ అయ్యే పీసీ. షాపుకు తీసుకెళ్తే అక్కడ రోజంతా ఆన్‌లో ఉన్నా ఏమీ కాదు. ఇంటికి తెచ్చి పెట్టగానే మళ్లీ మొదలు. చివరికి ‘ఎస్‌ఎంపీఎస్ మార్చి చూద్దాం’, ‘ర్యామ్ మార్చి చూద్దాం’, ‘మదర్‌బోర్డే అయ్యుంటుంది’ అంటూ ఒక్కో పార్టూ మారుతుంది. జేబు ఖాళీ అవుతుంది గానీ సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

నిజానికి ఇలాంటి రీస్టార్ట్ వెనక సాధారణంగా ఉండే కారణాలు ఆరేడుకు మించవు. వాటిలో దేని వల్ల అవుతోందో చాలావరకు ఆ పీసీయే చెబుతుంది. ఎక్కడ చూడాలి, ఏది ముందు చూడాలి అన్నదే తెలియాలి. ఈ ఆర్టికల్‌లో ఆ వరుసే చెప్పుకుందాం. చాలా పరీక్షలకు పైసా ఖర్చు లేదు, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

అన్నిటికంటే ముందు బ్యాకప్

హార్డ్ డిస్క్ గానీ ఎస్‌ఎస్‌డీ గానీ డేటా రాస్తున్న సమయంలో పవర్ పోతే ఆ ఫైల్ పాడవ్వచ్చు. ఒక్కోసారి విండోసే బూట్ కాకుండా పోవచ్చు. ఇలా రోజూ జరుగుతుంటే ఏదో ఒక రోజు నష్టం తప్పదు. అందుకే టెస్టులు మొదలుపెట్టే ముందు ఫొటోలు, ట్యాలీ డేటా, ప్రాజెక్ట్ ఫైల్స్ ఏవుంటే అవి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకో క్లౌడ్‌లోకో కాపీ చేసుకోండి. పార్టు పోతే కొనుక్కోవచ్చు. పెళ్లి ఫొటోలు పోతే మళ్లీ రావు.

మూడు ప్రశ్నలు, ఒక కాగితం

ఒక కాగితం మీద ఈ మూడింటికి జవాబులు రాసుకోండి. వారం రోజులు రాస్తే చాలు, సగం డయాగ్నసిస్ అయిపోయినట్టే.

మొదటిది, ఎలా పోయింది? ‘రీస్టార్టింగ్’ అని మెసేజ్ వచ్చి, ప్రోగ్రాములన్నీ మూసుకుని పద్ధతిగా రీస్టార్ట్ అయితే, ఆ ఆర్డర్ వేసింది విండోసే. బ్లూ స్క్రీన్ ఒక్క క్షణం మెరిసి రీస్టార్ట్ అయితే విండోస్ క్రాష్ అయింది. ఏమీ కనబడకుండా టక్కున స్విచ్ కట్టేసినట్టు పోతే, విండోస్‌కు తెలిసేలోపే పవర్ పోయిందో, హార్డ్‌వేర్ రీసెట్ అయిందో అర్థం.

రెండోది, ఎప్పుడు పోయింది? గేమ్ ఆడుతున్నప్పుడా, వీడియో ఎక్స్‌పోర్ట్ చేస్తున్నప్పుడా, ఊరికే ఖాళీగా ఉన్నప్పుడా? ఆన్ చేసిన పది నిమిషాలకా, మధ్యాహ్నం ఎండ పూటా? ఇంట్లో మోటార్ వేసిన టైమ్‌లోనా?

మూడోది, ఆగిపోయిందా, రీస్టార్ట్ అయిందా? ఈ రెండూ ఒకటి కాదు. ప్రాసెసర్ విపరీతంగా వేడెక్కితే పీసీ మామూలుగా పూర్తిగా ఆగిపోతుంది, తనంతట తాను తిరిగి లేవదు. ఎస్‌ఎంపీఎస్ తన రక్షణ కోసం కట్ అయినా చాలాసార్లు అలాగే ఆగి ఉండిపోతుంది, వెనక స్విచ్ ఒకసారి ఆపి వేస్తే గానీ ఆన్ కాదు. టక్కున పోయి వెంటనే లేచిందంటే అనుమానం వేరే వైపు వెళ్లాలి.

ఈవెంట్ వ్యూయర్: పీసీ రాసుకునే డైరీ

విండోస్ తనకు జరిగిన ప్రతి ముఖ్యమైన విషయాన్నీ లాగ్‌లో రాసుకుంటుంది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఈవెంట్ వ్యూయర్’ తెరవండి. ఎడమ వైపు ‘విండోస్ లాగ్స్’, దాని కింద ‘సిస్టమ్’. కుడి వైపు ‘ఫిల్టర్ కరెంట్ లాగ్’ నొక్కి, ఈవెంట్ ఐడీ బాక్సులో 41, 1074, 6008, 1001, 18 అని కామాలతో టైప్ చేయండి. వేల లైన్ల లిస్టు కాస్తా పదీ ఇరవై లైన్లకు వస్తుంది. ఇక వీటి అర్థాలు చూద్దాం.

1074: రీస్టార్ట్ చేయమని ఎవరో అడిగారు. ఏ ప్రోగ్రాము అడిగిందో, ఎందుకడిగిందో కూడా అక్కడే ఉంటుంది. విండోస్ అప్‌డేట్ పేరు కనిపిస్తే కథ అక్కడితో అయిపోయింది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి ‘యాక్టివ్ అవర్స్’ మీ పని వేళలకు సరిపెట్టుకోండి. పార్టులేవీ ముట్టుకోనక్కర్లేదు.

6008: ఇంతకుముందు షట్‌డౌన్ అనుకోకుండా జరిగింది అని చెబుతుంది. అది ఎన్నింటికి జరిగిందో ఇందులో రాసి ఉంటుంది. మీ కాగితంలోని టైమ్‌తో పోల్చుకోవడానికి ఇది పనికొస్తుంది.

1001, సోర్స్‌లో ‘బగ్‌చెక్’ అని ఉంటే: బ్లూ స్క్రీన్ వచ్చింది. ఎర్రర్ కోడ్ అందులోనే దొరుకుతుంది.

18, సోర్స్‌లో ‘వియా లాగర్’ అని ఉంటే: హార్డ్‌వేర్‌లో సరిదిద్దలేని ఎర్రర్ వచ్చిందని ప్రాసెసరే రిపోర్ట్ చేసింది. దీని సంగతి కింద విడిగా చూద్దాం.

41, సోర్స్ ‘కెర్నల్ పవర్’: అందరినీ తప్పుదారి పట్టించేది ఇదే. పేరులో పవర్ అని ఉంది కదా, పైగా ‘క్రిటికల్’ అని ఎర్ర గుర్తు, కాబట్టి ఎస్‌ఎంపీఎస్ పోయిందని తేల్చేస్తారు. అది తప్పు. 41 అంటే ‘నేను పద్ధతిగా షట్‌డౌన్ కాకుండానే మళ్లీ బూట్ అయ్యాను’ అని విండోస్ తిరిగి లేచాక రాసుకున్న మాట. అది జరిగిన సంగతి మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు. మీరు పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుని ఆపినా, కరెంట్ పోయినా, బ్లూ స్క్రీన్ వచ్చినా ఇదే 41 పడుతుంది.

అయితే దాని లోపల ఒక ఉపయోగకరమైన లైన్ ఉంది. ఆ ఎంట్రీ మీద డబుల్ క్లిక్ చేసి ‘డీటెయిల్స్’ ట్యాబ్‌కు వెళ్లండి. ‘బగ్‌చెక్ కోడ్’ పక్కన ఉన్న అంకె చూడండి. 0 ఉంటే బ్లూ స్క్రీన్ రికార్డ్ కాలేదు, అంటే కరెంట్, ఎస్‌ఎంపీఎస్, హార్డ్‌వేర్ రీసెట్ వైపు చూడాలి. 0 కాకుండా వేరే అంకె ఉంటే విండోస్ క్రాష్ అయిందన్నమాట. ఈ అంకె మామూలు దశాంశ పద్ధతిలో ఉంటుంది కాబట్టి నెట్‌లో వెతికే బ్లూ స్క్రీన్ కోడ్‌తో నేరుగా కలవదు. తరచుగా కనబడేవి ఇవి:

- 26: మెమరీ మేనేజ్‌మెంట్. ముందు ర్యామ్ టెస్ట్ చేయండి.
- 239: విండోస్‌కు అత్యవసరమైన ప్రాసెస్ ఒకటి ఆగిపోయింది. డిస్క్, సిస్టమ్ ఫైల్స్ చూడండి.
- 278: గ్రాఫిక్స్ డ్రైవర్ స్పందించలేదు. డ్రైవర్, ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డ్.
- 292: వియా ఎర్రర్. ప్రాసెసర్, వోల్టేజ్, ఓవర్‌క్లాక్ వైపు చూడండి.
- 307: ఏదో డ్రైవర్ మరీ ఎక్కువసేపు ఆపేసింది. స్టోరేజ్, చిప్‌సెట్ డ్రైవర్లు అప్‌డేట్ చేయండి.

మరో చిట్కా. స్టార్ట్ మెనూలో ‘రిలయబిలిటీ’ అని వెతికితే ‘వ్యూ రిలయబిలిటీ హిస్టరీ’ వస్తుంది. ఏ రోజు ఏ డ్రైవర్ ఇన్‌స్టాల్ అయింది, ఏ రోజు క్రాష్ అయింది అన్నది క్యాలెండర్‌లా చూపిస్తుంది. రీస్టార్టులు మొదలైన రోజుకు ముందు రోజు ఏం మారిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

బ్లూ స్క్రీన్‌ను కాసేపు ఆపండి

బ్లూ స్క్రీన్ రాగానే రీస్టార్ట్ అయిపోవాలన్నది విండోస్‌లో ముందే పెట్టి ఉన్న సెట్టింగ్. అందుకే చాలామంది ‘బ్లూ స్క్రీన్ ఏమీ రాలేదండీ, ఊరికే రీస్టార్ట్ అయింది’ అంటారు. వచ్చింది, చదివేలోపు పోయింది, అంతే. స్టార్ట్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్’ వెతికి తెరిచి, ‘స్టార్టప్ అండ్ రికవరీ’ కింద సెట్టింగ్స్ నొక్కి, ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ దగ్గర టిక్ తీసేయండి. ఇకపై క్రాష్ అయితే స్క్రీన్ అలాగే నిలబడుతుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. విండోస్ 11లో 2025 నుంచి ఈ స్క్రీన్ నీలం బదులు నలుపు రంగులోకి మారింది. నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు కనబడితే కంగారు పడొద్దు, అది పాత బ్లూ స్క్రీనే.

ఈ టిక్ తీశాక కూడా ఏ మెసేజ్ లేకుండా టక్కున రీస్టార్ట్ అయితే, అది విండోస్ క్రాష్ కాదని దాదాపు ఖాయం. అంటే ఒక్క టిక్ తీసేస్తే సాఫ్ట్‌వేరా, హార్డ్‌వేరా అన్న పెద్ద ప్రశ్న సగం తేలిపోతుంది.

క్రాష్ అయిన ప్రతిసారీ సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో ‘మినీడంప్’ అనే చోట ఒక చిన్న ఫైల్ పడుతుంది. నిర్‌సాఫ్ట్ వాళ్ల ఉచిత టూల్ ‘బ్లూ స్క్రీన్ వ్యూ’తో దాన్ని తెరిస్తే ఏ డ్రైవర్ దగ్గర ఆగిందో చూపిస్తుంది. అయిదు డంపుల్లో అయిదింటా ఒకే డ్రైవర్ పేరు ఉంటే అనుమానం డ్రైవర్ మీద. అయిదింటా అయిదు వేర్వేరు పేర్లు, వేర్వేరు కోడ్లు ఉంటే అనుమానం ర్యామ్ మీద.

గోడ నుంచి మొదలుపెట్టండి

బగ్‌చెక్ కోడ్ 0 అని వచ్చిందా? క్యాబినెట్ మూత తీసే ముందు గోడ దగ్గరికి వెళ్లండి. ప్లగ్ సాకెట్‌లో వదులుగా ఉందా? ఎక్స్‌టెన్షన్ బాక్సు కదిపితే పీసీ పోతోందా? ఎస్‌ఎంపీఎస్ వెనక గుచ్చే పవర్ కేబుల్ పూర్తిగా లోపలికి వెళ్లిందా? ఆ కేబుల్ మార్చి చూడండి, మానిటర్‌కు వాడేది కూడా చాలావరకు అదే రకం.

తర్వాత యూపీఎస్. కరెంట్ కోతల నుంచి కాపాడటానికి కొన్న యూపీఎస్సే రీస్టార్టులకు కారణం కావడం మన ఇళ్లలో మామూలే. లోపలి బ్యాటరీ లెడ్ యాసిడ్ రకం. దానికి వేడి పడదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుందని లెక్క. అందుకే మన ఎండలకు రెండు మూడేళ్లలోనే డీలా పడిపోతుంది. బయటికి పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. వోల్టేజ్ కాస్త పడగానే యూపీఎస్ బ్యాటరీ మీదికి మారుతుంది, ఆ బ్యాటరీలో పస ఉండదు, పీసీ పోతుంది. మరుక్షణం వోల్టేజ్ వచ్చేస్తుంది. ఫ్యాన్, లైట్ ఏవీ ఆగలేదు కాబట్టి కరెంట్ పోయిందని మీకు అనిపించదు.

దీన్ని పరీక్షించడం సులువు. ఫైళ్లన్నీ సేవ్ చేసి, పీసీని బయోస్ స్క్రీన్‌లో ఉంచి, యూపీఎస్‌కు వెళ్లే గోడ స్విచ్ ఆపండి. ప్లగ్ పీకొద్దు, పీకితే ఎర్త్ కూడా తెగిపోతుంది. పీసీ వెంటనే పోతే బ్యాటరీ అయిపోయినట్టే. రెండో పరీక్ష, యూపీఎస్‌ను పక్కన పెట్టి రెండు మూడు రోజులు పీసీని నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి వాడండి. రీస్టార్టులు ఆగితే దొంగ దొరికినట్టే.

ఇంట్లో ఇన్వర్టర్ మీద పీసీ నడుపుతున్నారా? చాలా ఇన్వర్టర్లకు వెనకో ముందో యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. ఎందుకో చూద్దాం. కరెంట్ పోయి బ్యాకప్ అందుకునేలోపు వచ్చే ఖాళీని ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో దాచుకున్న శక్తితో నెట్టుకురావాలి. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం ఇది 16–17 మిల్లీ సెకన్లు. మన కరెంట్ 50 హెర్ట్జ్, అంటే ఒక్క సైకిల్‌కు 20 మిల్లీ సెకన్లు. మంచి ఎస్‌ఎంపీఎస్ అయినా హామీ ఇచ్చేది ఒక్క సైకిల్ కూడా కాదన్నమాట. స్విచ్ ఎకో మోడ్‌లో ఉంటే ఇన్వర్టర్ మారడానికి అంతకంటే ఎక్కువ సమయం తీసుకోవచ్చు. ఫ్యాన్‌కు ఆ తేడా తెలియదు, పీసీకి తెలుస్తుంది. స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టండి.

బోరు మోటార్ వేసినప్పుడో, ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ అయినప్పుడో ఒక క్షణం లైట్లు మసకబారే ఇళ్లలో ఈ సమస్య మరీ ఎక్కువ. మీ కాగితంలో రాసుకున్న టైమ్ మోటార్ టైమ్‌తో కలుస్తోందేమో చూడండి.

ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం ఎప్పుడు?

బరువైన పని చేసినప్పుడే పోతోంది, ఖాళీగా ఉంటే రోజంతా బాగానే ఉంటోంది, బగ్‌చెక్ కోడ్ 0. ఈ మూడూ కలిస్తే ఎస్‌ఎంపీఎస్ మొదటి అనుమానితుడు. ముఖ్యంగా పాత పీసీకి కొత్త గ్రాఫిక్స్ కార్డ్ వేసిన తర్వాత మొదలైతే.

ఇక్కడ వాట్స్ లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు. ఆధునిక గ్రాఫిక్స్ కార్డులు సగటున తక్కువే తీసుకున్నా, సెకనులో అతి చిన్న భాగంలో ఒక్కసారిగా ఎన్నో రెట్లు లాగుతాయి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, ఎస్‌ఎంపీఎస్ తన రేటింగ్‌కు 200 శాతం దాకా వచ్చే ఉప్పెనను 100 మైక్రో సెకన్ల పాటు తట్టుకోవాలని ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. పాత ఎస్‌ఎంపీఎస్‌లు ఇలాంటి ఉప్పెనకు ‘షార్ట్ అయిందేమో’ అనుకుని కట్ అయిపోవచ్చు. ఇక క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే డబ్బా ఎస్‌ఎంపీఎస్‌ల మీద రాసి ఉండే అంకెను నమ్ముకోవద్దు.

ఓసీసీటీ అనే ఉచిత టూల్‌లో ‘పవర్’ టెస్ట్ ఉంది. అది ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండింటినీ ఒకేసారి పరిగెత్తిస్తుంది. నిమిషాల్లో రీస్టార్ట్ అయితే, ముందు ప్రాసెసర్‌ను ఒక్కదాన్నే, తర్వాత గ్రాఫిక్స్ కార్డ్‌ను ఒక్కదాన్నే టెస్ట్ చేయండి. విడివిడిగా బాగుండి, కలిపితేనే పోతే వేలు ఎస్‌ఎంపీఎస్ వైపే చూపిస్తుంది. మల్టీమీటర్ ఉన్నవాళ్లు 12 వోల్ట్ లైన్ చూడొచ్చు, 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. ఖాయం చేసుకోవడానికి మేలైన దారి, స్నేహితుడి దగ్గర సరిపడా వాట్స్ ఉన్న ఎస్‌ఎంపీఎస్ ఒకటి రెండు రోజులు అడిగి తెచ్చి పెట్టి చూడటమే.

ర్యామ్: ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే

రోజుకో కొత్త బ్లూ స్క్రీన్ కోడ్, బ్రౌజర్ ట్యాబులు ఊరికే క్రాష్ అవడం, జిప్ ఫైల్స్ పాడయ్యాయనే మెసేజ్‌లు. ఇవి ర్యామ్ లక్షణాలు. మొదట బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. బాక్సు మీద రాసిన ఆ స్పీడ్ నిజానికి ఒక రకం ఓవర్‌క్లాకే. మీ ప్రాసెసర్, మీ బోర్డు దాన్ని మోయలేకపోవచ్చు. అది ఆఫ్ చేస్తే రీస్టార్టులు ఆగాయా? ర్యామ్ పోలేదు, స్పీడ్ ఎక్కువైంది. బయోస్ అప్‌డేట్ చేసి, లేదా ఒక మెట్టు తక్కువ స్పీడ్ పెట్టి వాడుకోండి.

ఆగకపోతే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతో బూట్ చేసి రాత్రంతా నడవనివ్వండి. నాలుగు పాస్‌లు పూర్తయి సున్నా ఎర్రర్లు ఉంటే పాస్. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే, ‘ఒక్కటే కదా’ అనుకోవద్దు. ఫెయిలైతే ఒక్కో స్టిక్ విడిగా పెట్టి టెస్ట్ చేయండి. స్టిక్ మారినా ఎర్రర్ అదే స్లాట్‌లో వస్తుంటే తప్పు స్టిక్‌ది కాదు, స్లాట్‌ది.

ఈ టెస్ట్‌కు ఇంకో లాభం ఉంది. మెమ్‌టెస్ట్ నడుస్తున్నప్పుడు విండోస్ అసలు లోడే కాదు. అప్పుడు కూడా పీసీ రీస్టార్ట్ అయిందంటే విండోస్, డ్రైవర్లు, వైరస్ అన్నీ నిర్దోషులు. ‘ఓఎస్ మళ్లీ వేద్దాం’ అనే సలహాను అక్కడే పక్కన పెట్టేయొచ్చు.

వేడి: మే నెల లెక్క వేరు

కూలర్ ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రత కంటే చల్లగా చేయలేదు. శీతాకాలంలో గది 25 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ 75 దగ్గర ఉంటే, మేలో గది 40 అయినప్పుడు అదే పనికి దాదాపు 90 చూపిస్తుంది. డిసెంబర్‌లో బాగున్న పీసీ మేలో మొరాయించడానికి కారణం ఇదే.

అయితే వేడెక్కగానే ఆధునిక ప్రాసెసర్ పోదు. ముందు స్పీడ్ తగ్గించుకుంటుంది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి ఆ హద్దు 100 డిగ్రీలు, రైజెన్ 7000 సిరీస్‌లో చాలావాటికి 95. అప్పటికీ తగ్గకపోతేనే ఆగిపోతుంది. కాబట్టి పీసీ ముందు నెమ్మదించి, తర్వాత ఆగిపోతే వేడి కావచ్చు. ఏ నెమ్మదీ లేకుండా టక్కున రీస్టార్ట్ అయితే వేడి అయ్యే అవకాశం తక్కువ.

ఊహించడం ఎందుకు? హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ఉచిత టూల్‌లో సెన్సార్స్ విండో తెరిచి ‘లాగింగ్’ ఆన్ చేయండి. రెండు సెకన్లకోసారి ఉష్ణోగ్రతలన్నీ ఫైల్‌లో రాస్తుంది. రీస్టార్ట్ అయ్యాక ఆ ఫైల్ చివరి లైన్ చూడండి. చివరి క్షణంలో ప్రాసెసర్ 62 దగ్గర ఉందంటే థర్మల్ పేస్ట్‌కు ఖర్చు పెట్టక్కర్లేదు. 99 ఉందంటే దుమ్ము దులపండి, పేస్ట్ మార్చండి, కూలర్ పిన్నులు నాలుగూ బిగుతుగా కూర్చున్నాయో లేదో చూడండి.

వియా ఎర్రర్ 18 కనబడితే

ఇది ప్రాసెసర్ స్వయంగా చేసిన ఫిర్యాదు. అలాగని ప్రాసెసర్ పోయినట్టు కాదు. ఓవర్‌క్లాక్, తగ్గించిన వోల్టేజ్, పాత బయోస్ కూడా ఇదే ఎర్రర్ తెస్తాయి. బయోస్‌ను డిఫాల్ట్‌కు తెచ్చి, కొత్త వెర్షన్ వేసి చూడండి. తొలి తరాల రైజెన్ పీసీలు పని చేస్తున్నప్పుడు కాకుండా ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ అవుతుంటే, బయోస్‌లో ‘పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్’ను ‘టిపికల్ కరెంట్ ఐడిల్’కు మార్చండి. ఖాళీగా ఉన్నప్పుడు ప్రాసెసర్ తీసుకునే కరెంట్ మరీ తగ్గిపోయి కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు తడబడటమే ఇక్కడ సమస్య.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వాడేవాళ్లకు ప్రత్యేక హెచ్చరిక. వీటిలో 65 వాట్లు, ఆ పైన ఉన్న మోడళ్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజ్ అడుగుతూ కాలక్రమంలో దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుంది. ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. మీ బయోస్ అంతకంటే పాతదైతే ఈరోజే అప్‌డేట్ చేయండి. ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ను అప్‌డేట్ బాగుచేయదు, దానికి వారంటీ క్లెయిమే దారి. బిల్లు దాచి ఉంచుకోండి.

తప్పు మీ పీసీది కాకపోవచ్చు

2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వర్మ్ వ్యాపించినప్పుడు విండోస్ ఎక్స్‌పీ పీసీలు నెట్‌కు కలిపిన కాసేపటికే 60 సెకన్ల కౌంట్‌డౌన్ చూపించి రీస్టార్ట్ అయ్యేవి. హార్డ్‌వేర్‌లో ఏ లోపమూ లేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక్క తప్పు అప్‌డేట్ వల్ల మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు బ్లూ స్క్రీన్‌లో చిక్కుకున్నాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చింది ఆ రోజే. కాబట్టి రీస్టార్టులు హఠాత్తుగా ఒక తేదీ నుంచి మొదలైతే, ఆఫీసులో నాలుగు పీసీలకు ఒకేసారి వస్తే, ముందు అప్‌డేట్లను, యాంటీవైరస్‌ను అనుమానించండి. సేఫ్ మోడ్‌లో బాగుంటే కొత్తగా వచ్చిన డ్రైవర్‌ను వెనక్కి తీయండి.

ఒక ఉదాహరణ

ఈ వరుస ఎలా పనికొస్తుందో చూద్దాం. ఒక ఫొటో స్టూడియో పీసీ అనుకోండి. పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే మధ్యలో రీస్టార్ట్. ‘బోర్డు పోయింది, కొత్తది వేయాలి’ అన్నారు. లాగ్ చూస్తే 41 మాత్రమే ఉంది, బగ్‌చెక్ కోడ్ 0, వియా ఎర్రర్లు లేవు. అంటే విండోస్ క్రాష్ కాదు. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో చివరి లైన్‌లో ప్రాసెసర్ 71 డిగ్రీలు, అంటే వేడి కాదు. ఓసీసీటీ పవర్ టెస్ట్ ఒక రోజు గంటసేపు నిలబడింది, మరో రోజు పది నిమిషాలకే పోయింది. ఎస్‌ఎంపీఎస్ చేతకానిదైతే రెండు రోజులూ పోవాలి కదా? కాగితం చూస్తే పోయిన టైములన్నీ ఉదయం ఏడూ, సాయంత్రం ఆరు దగ్గర ఉన్నాయి. అవి బిల్డింగ్ మోటార్ వేసే వేళలు. యూపీఎస్ 600 వీఏ, అంటే మోయగలిగేది సుమారు 360 వాట్లు. బ్యాటరీకి మూడేళ్లు నిండాయి. ఖాళీగా ఉన్నప్పుడు పీసీ తీసుకునే కొద్దిపాటి కరెంట్‌ను ఆ బ్యాటరీ ఒక క్షణం మోస్తుంది, ఎక్స్‌పోర్ట్ నడుస్తున్నప్పుడు మోయలేదు. అందుకే ఎక్స్‌పోర్ట్‌లోనే, మోటార్ టైమ్‌లోనే పోతోంది. మారాల్సింది బోర్డు కాదు, యూపీఎస్ బ్యాటరీ. లాగ్, కాగితం లేకపోతే ఈ సంగతి తేలేదే కాదు.

ల్యాప్‌టాప్ అయితే

ల్యాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉంటుంది కాబట్టి గోడ కరెంట్ అనుమానం చాలావరకు పోతుంది. ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి, తర్వాత ఛార్జర్ పెట్టి నడపండి. ఒక్క పరిస్థితిలోనే పోతే బ్యాటరీయో, ఛార్జరో తేలుతుంది. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుంటే వెంటనే వాడకం ఆపి సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి, అది అగ్గి ప్రమాదం.

షాపుకు వెళ్లాల్సి వస్తే

అన్నీ చూశాక కూడా తేలకపోతే అప్పుడు మదర్‌బోర్డు వంతు. వెళ్లే ముందు ఒక చిన్న పని చేయండి. క్యాబినెట్ ముందున్న రీసెట్ బటన్ వైరును బోర్డు నుంచి పీకి రెండు రోజులు వాడండి. ఇరుక్కుపోయిన రీసెట్ బటన్ కూడా అచ్చం బోర్డు పోయినట్టే కనిపిస్తుంది. 24 పిన్, 8 పిన్ పవర్ కనెక్టర్లు పూర్తిగా కూర్చున్నాయో లేదో కూడా చూడండి.

షాపులో ‘ఊరికే రీస్టార్ట్ అవుతోంది’ అని మాత్రం చెప్పొద్దు. మీ కాగితం, బ్లూ స్క్రీన్ ఫొటో, 41లోని బగ్‌చెక్ కోడ్, ఏయే టెస్టులు పాసయ్యాయో చూపించండి. వీలైతే యూపీఎస్‌ను కూడా వెంట తీసుకెళ్లండి, షాపులో బాగుండి ఇంట్లో పోవడానికి కారణం అదే కావచ్చు. పార్టు మార్చాలంటే ‘పెట్టి చూపించండి, సమస్య ఆగితేనే కొంటాను’ అని అడగండి. పని తెలిసిన టెక్నీషియన్ దానికి కాదనడు.

గుర్తుపెట్టుకోవాల్సిన వరుస

1. బ్యాకప్ తీసుకోండి, టైములు రాసుకోండి.
2. ఈవెంట్ వ్యూయర్‌లో 1074, 41, 1001, 18 చూడండి.
3. ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ టిక్ తీసేయండి.
4. సాకెట్, కేబుల్, యూపీఎస్, ఇన్వర్టర్ మోడ్.
5. బయోస్ డిఫాల్ట్, ఎక్స్‌ఎంపీ ఆఫ్, బయోస్ అప్‌డేట్.
6. మెమ్‌టెస్ట్ రాత్రంతా.
7. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో లాగ్, ఓసీసీటీ పవర్ టెస్ట్.
8. అడిగి తెచ్చిన ఎస్‌ఎంపీఎస్, రీసెట్ వైరు. చివరగా బోర్డు.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. చేశాక కనీసం రెండు మూడు రోజులు ఆగి చూడండి. ఒకేసారి మూడు మార్చేస్తే సమస్య పోయినా దేనివల్ల పోయిందో తెలియదు, రేపు మళ్లీ వస్తే మళ్లీ మొదటికే. రోజుకోసారి రీస్టార్ట్ అయ్యే పీసీ మూడు రోజులు నిలబడితే అది మంచి సూచన, పది రోజులు నిలబడితే నమ్మొచ్చు.